ఒప్పుకునే కొలువు

నవ్వితిరి గదా సార్. అందరి ముంగట నవ్వితిరి. తిడితే నాకింత బాధ కాకపోవు. తిట్లు తినుడు నాకు అలవాటే, అదే నా కొలువు. గని మీరు నవ్వితిరి.

ఎవలంటరా? నేనే సార్, రాజలింగును. పొద్దుగాల మా భూపాల్‌రావు దొర ముంగట చేతులు కట్టుకోని, "తప్పు నాదే సార్, దొరకు ఏం ఎర్కలేదు" అన్నోన్ని. పైపుల ఫ్యాక్టరీల డిస్పాచ్ క్లర్కును. అంగి మారింది, గందుకే గుర్తుపట్టలే మీరు. అంగి సంగతి తర్వాత చెప్త.

మీరేమన్నరు గప్పుడు? నా దిక్కు సూసిండ్రు, దొర దిక్కు సూసిండ్రు. "పాపం, ఈయనకి మౌస్ పట్టుకోవడమైనా వచ్చా అండీ" అని నవ్విండ్రు. మీరు నవ్విండ్రని మా మేనేజర్ జనార్దన్‌రావు నవ్విండు. ఆయన నవ్విండని ఆఫీసంత నవ్వింది. దొరొక్కడే నవ్వలే. ఆయనకు నవ్వెట్లొస్తది, దండుగ ఆయన మీదికి మళ్లె గద.

కూసోండ్రి సార్, కూసోండ్రి. రైలుబండి లేటున్నదట. మంచిర్యాలకు బండి టైముకొస్తె మేమే పరేషానైతం, ఇది నిన్నటిదేమో అనుకుంటం. గీ టిఫిను డబ్బ దొర పంపిండు. డబ్బ దొరది, లోపట సర్వపిండి నా పెండ్లాం అనసూర్యది. తినుండ్రి. లంచం కాదు సార్, బియ్యప్పిండి. పల్లీలు, నువ్వులు తప్ప ఇంకేం లేవు. కావాల్నంటె ఇరిచి సూసుకోండ్రి, మీకు సోదా చేసుడు అలవాటే గద.

దొర నన్నెందుకు పంపిండో మీకు తెల్సే ఉంటది. తెల్వకున్నా చెప్త. దాసిపెట్టుడు నాతోని కాదు. నా కొలువే ఒప్పుకునుడు.

అట్ల సూస్తరేంది? నిజంగనే. గుమ్మడికాయల దొంగ ఎవడంటె భుజాలు తడుముకునేటోడు ఒకడుంటడు గద? అసొంటోన్ని మా కంపెనీ జీతమిచ్చి పెట్టుకున్నది. చలాన్లు రాసుడు పైపైన పని. అసలు పని ఆఫీసర్లు వచ్చిన్నాడు.

మొదటిపాలి అనుకోకుంటనే అయింది. పైపులు గట్టిగున్నయా లేవా అని సూసే ఆఫీసరొకాయన వచ్చిండు. వరుసల ఉన్న ఒక పైపును కట్టెతోని గిట్ల తాకిచ్చిండు. గట్టిగ సుత కొట్టలే. పైపు పగిలి రెండు పలుకలైంది. సిమెంటు ఎవలు మింగిండ్రని అడిగిండు ఆఫీసరు. దొర ఎనుకకు మర్రిండు. ఎనుక నేనున్న. ఉత్తగనే ఉన్న సార్, చెవుల పెన్ను పెట్టుకోని. "గీడే సార్, సిమెంటు తక్కువేసిండు" అన్నడు దొర. నేను బతుకుల సిమెంటు ముట్టినోన్ని కాదు. మా ఊర్ల ఇల్లు సుత మట్టిగోడలే.

నోరు తెరిచేలోపల నా సద్దిగిన్నె గేటు అవుతల పడ్డది. "రేపటిసంది రాకు" అన్నడు. అన్నమంత మట్టిల పడ్డది సార్. గది సూసి ఆఫీసరు మెత్తవడ్డడు. "పోనీయండి, పిల్లలు గలవాడు" అని రాసేది రాయకుంటనే జీపెక్కిండు.

పొద్దుమూకే యాల్లకు జనార్దన్‌రావు సారు స్కూటరేసుకోని మా ఇంటికొచ్చిండు, చేతిల మిఠాయి డబ్బ. "మంచిగ చేసినవు రాజలింగూ" అన్నడు. నేనేం చేసిన? నిలబడ్డ. "నాలుగొద్దులు కొండగట్టు పోయి అంజన్నకు మొక్కుకోని రా. వచ్చినంక ఎప్పటి లెక్కనే" అన్నడు. గప్పటిసంది గదే పద్ధతి.

ఇగ సూసుకోండ్రి. కరెంటోళ్లొస్తె మీటరు తిప్పింది నేను. లేబర్ ఆఫీసరొస్తె కూలోళ్ల హాజరు తారుమారు చేసింది నేను. లారీ తూకం తప్పుతె నేను. మా ఫ్యాక్టరీల నా అంత కష్టపడే దొంగ ఇంకొకడు లేడు సార్. మిగిలినోళ్లంత మంచోళ్లే. అందరు శ్రీవైష్ణవులే, బుట్టల చాపలే మాయం.

తీసేసినప్పుడల్ల కొండగట్టు పోవాలె, గుండు గీయించుకోవాలె. అది దొర పెట్టిన ఆచారం. మళ్లొచ్చి ఆఫీసుల లడ్డు పంచితె నేను డ్యూటీల చేరినట్టు. కాగితం గీగితం ఉండది. మా గల్లీలోళ్లు నా నెత్తి సూసి చెప్తరు, ఏ ఆఫీసరో వచ్చిపోయిండని. కొండ మీద బాలమల్లని మంగలాయనున్నడు, నన్ను సూస్తెనే కత్తి నూరుతడు. "ఈపాలి ఏం జేసినవే" అంటడు. ఒక్కోపాలి నాకే యాదికి రాదు, ఏం జేసిన్నో.

అల్కటి పని అనుకుంటున్నరేమో. ఏడుపు రావాలె, గని ఎక్కువ రావద్దు. ఎక్కువ ఏడిస్తె ఆఫీసరుకు అనుమానమైతది. కాళ్లు మొక్కాలె, గని దొర కాళ్లు మొక్కాలె, ఆఫీసరువి కాదు. ఆఫీసరు కాళ్లు మొక్కితె దొర చిన్నగైతడు. ఎవలన్న వస్తుండ్రని తెల్వంగనే మా అనసూర్య కాలరు చినిగిన అంగి తీసి ఇస్తది. గదొక్కటి గీ పనికోసమే పక్కకు పెట్టినం. కుట్టియ్యం. కుట్టిస్తె కొలువు పోతది.

అనసూర్యా? అది మొదట్ల నవ్వేది. తర్వాత నవ్వుడు బంద్ చేసింది. నల్ల కాడ ఆడోళ్లు అడుగుతరు గద, "మీ ఆయన్ని మళ్ల తీసేసిండ్రటనే, ఈసారి ఏం మింగిండట?" అని. నాటకమని చెప్పద్దు, చెప్తె దొర ఊకోడు. బిందె ఎత్తుకోని ఇంటికొస్తది. ఒకరోజు అన్నం పెట్టుకుంట అన్నది: "నువ్వు చెయ్యనియన్ని నీ పేరు మీద ఉన్నయి. చేసినయి ఎవలి పేరు మీద ఉన్నయయ్యా?" నేను పప్పు బాగుందన్న.

సరే, గిట్ల మా సంసారం సుఖంగ నడుస్తుంటె మీ ఉత్తరం వచ్చె.

శివరాత్రి ఎల్లినంక వచ్చింది. అంత ఇంగ్లీషు. జనార్దన్‌రావు సదివి చెప్పిండు: "దొరా, మనం బిల్లుల సాఫ్ట్‌వేరు ఒక్క కంప్యూటరుకు కొన్నం గద, గదే పలకలు పెట్టి అన్నిట్ల ఎక్కిచ్చినం. తప్పట. హైద్రాబాదుకెల్లి మనిషొచ్చి లెక్క సూస్తడట." పలకలంటె గవే సార్, నల్లగ, సదరంగ ఉంటయి సూడుండ్రి, ఫ్లాపీలు.

దొరకు లైసెన్సంటె తెల్వదనుకోకుండ్రి. తుపాకి లైసెన్సు ఆయన తాత కాలం నుంచి ఉన్నది, బ్రాందీ దుకాణానిది ఆయన బామ్మర్దికి ఉన్నది. గని కండ్లకు కనబడనిదానికి లైసెన్సేందని ఆయన బాధ. కుర్చీలకెల్లి లేసి అన్నడు: "ఊరికొక్క ఆంబోతు ఉంటది. ఊరి ఆవులన్నిటికి గదొక్కటే సరిపోతది. ఆవుకొకటి కొన్నోన్ని ఎవన్నన్న సూసినవా జనార్దనూ?"

జనార్దన్‌రావు తలకాయ ఊపిండు. ఆయన కొలువది. మీ దగ్గర జవాబున్నదా సార్ గా మాటకు? ఉంటది, సదువుకున్నోళ్లు. వద్దులెండ్రి, సర్వపిండి సల్లారుతది.

ఇగ తయారీ మొదలైంది. మాకు తెల్సిన తయారీ ఒక్కటే. ఏ ఆఫీసరొచ్చినా మొదలు సున్నమేస్తం. గోడలకేసినం, గేటుకేసినం, చెట్ల మొదలుకేసినం. సాఫ్ట్‌వేరుకు సున్నానికి ఏం సంబంధమని అడగద్దు. మీరు జీపు దిగంగనే మెచ్చుకున్నరా లేదా? "చాలా నీట్‌గా ఉందండీ" అన్నరు. మరి.

రెండోది దాసుడు. పాత అలవాటు. లేబర్ ఆఫీసరొస్తె కూలోళ్లను దాస్తుంటిమి, మీరొస్తున్నరని కంప్యూటర్లను దాసినం. యార్డుల పెద్ద పైపులు సూసిండ్రు గద, మనిషి ఒంగి నడిచేటంతవి. ఒక్కొక్కదాంట్ల ఒక్కొక్క డబ్బ పెట్టి రెండు దిక్కుల గోనెసంచులు కట్టినం. ఆఫీసుల ఒక్కటే ఉంచినం, లైసెన్సుదాన్ని. దానికి కుంకుమబొట్టు పెట్టి పూలదండేసినం, ఒక్కతే కూతురు లెక్క.

గని సార్, మా జనార్దన్‌రావు బుద్ధి సూడుండ్రి. డబ్బలు దాసుమన్నడు, దాసిండ్రు. ఎలుకలు దాసుమని ఎవలికి చెప్పలే. మౌసంటె ఎలుకనే గద? బల్ల బల్ల మీద తోక కిందికేసుకోని పన్నయి. మీరు లోపటికొచ్చిండ్రు, దండేసిన డబ్బను సూసిండ్రు, తర్వాత ఎలుకల్ని లెక్కవెట్టుకుంట పోయిండ్రు. నేను గోడకు నిలబడి సూస్తనే ఉన్న. దొర నుదురు మీద చెమటొచ్చింది.

"మీ పైపులు బాగున్నాయండీ, ఒకసారి యార్డు చూద్దామా" అన్నరు మీరు. అబ్బ, ఎంత మెల్లగ అన్నరు. మా కరెంటు ఆఫీసరుకు మీ దగ్గర ట్రైనింగిప్పియ్యాలె. ఒక పైపు కాడ ఆగి, గోనెసంచి కిందికెల్లి ఏలాడుతున్న వైరును సూపించి, "ఈ పైపు కరెంటు మీద నడుస్తుందా" అని అడిగిండ్రు. గప్పుడు నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్న. కొలువు మీద ఉన్న గద.

అన్ని డబ్బలు మోసుకొచ్చి బల్లల మీద పెట్టి నడిపిస్తిరి. సాఫ్ట్‌వేరు మొదలుకాంగనే గీ కాపీ ఫలానాయనది అని తెర మీద పేరొస్తది గద. లైసెన్సుదాని మీద కంపెనీ పేరొచ్చింది. రెండోదాని మీద రాజలింగు. మూడోదాని మీద రాజలింగు. అటెన్క ఎన్నున్నయో అన్నిట్ల రాజలింగు, రాజలింగు.

దొర నా దిక్కు సూసిండు. గదే నాకు ఇషారా. ముంగటికొచ్చి చేతులు కట్టుకోని చెప్పిన. మంచిగనే చెప్పిన సార్, గొంతు సుత వణికింది. గప్పుడు మీరు నవ్వితిరి. నవ్వి, దొరతోని ఏమన్నరు? "ఇది మరీ అన్యాయమండీ, మీరు తప్పించుకోవడానికి పాపం ఈయన పేరు అన్నింట్లో ఎక్కించారు" అన్నరు. నన్ను పక్కకు పిలిచి, "భయపడకండి, మీ మీదికి రానివ్వను" అని భుజం తట్టిండ్రు.

చాన మంచోళ్లు సార్ మీరు. ఇన్నేండ్లల్ల ఏ ఆఫీసరూ నా భుజం తట్టలే. గని గా చెయ్యి నా కొలువు మీద పడ్డది, మీకెర్కలేదు.

దొరకు మీరు రూలు చెప్పితిరి గద. పనోడు దొరకు తెల్వకుంట చేస్తె, పనోన్ని తీసేసి కొత్త లైసెన్సులు కొనుక్కుంటె సాలు, దండుగ లేదు. దొరే చేయిస్తె దండుగ. తీసేసినోన్ని మళ్ల పెట్టుకున్నరా అని ఆర్నెల్లకొకపాలి వచ్చి సూస్తమంటిరి. మీరు ఉత్తగ చెప్పిండ్రు, దొర గట్టిగ పట్టుకున్నడు.

మధ్యాహ్నం మీరు గెస్టుహౌసుల కునుకు తీస్తున్నప్పుడు నన్ను లోపటికి పిలిచిండు. "రాజలింగూ, నీ కాలం పోయిందిరా. గీ కొత్త ఆఫీసర్లకు మనిషి వద్దట, మిషిన్లు లెక్కవెట్టుకోని పోతరట. నువ్వు నాకెందుకు ఇగ?" అన్నడు. "ఒక్క పని చెయ్యి. టేషనుకు పో. ఆయన కాళ్ల మీద పడు, ఏడువు, తప్పు నీదొక్కనిదే అని రాపిచ్చుకోని రా. నిన్ను బోథ్ ఊర్ల మా బామ్మర్ది పత్తి మిల్లుల పెడ్త, గాడ ఎవలు సూడరు. ఆయనకు సుత అవుసరమే, ఒప్పుకునేటోడు." రాపియ్యకుంటె ఏందని నేను అడగలే. అడగకముందే చెప్పిండు, "లేకుంటె ఈసారి నాటకం కాదు" అని.

అంటె మీరు "రాజలింగు ఒక్కడే చేసిండు" అని రాస్తె నాకు బోథ్‌ల కొలువున్నది. "దొర చేయించి, రాజలింగు మీద పెట్టిండు" అని రాస్తె రేపటిసంది కొలువు లేదు, మేముంటున్న కంపెనీ అర్ర లేదు. మీరు రెండోది రాస్తమన్నరు. నన్ను కాపాడుతుండ్రు. ఇంకెవలన్న గిట్ల కాపాడితె మా ఇంట్ల పొయ్యి రాజెయ్యం.

ఏడుస్తలేనేంది అనుకుంటున్నరా? ఏడువాలనే వచ్చిన సార్. తొవ్వల రెండుపాలి గొంతు సవరిచ్చుకున్న సుత. గని అంగి కాడ గడిబిడైంది.

టేషనుకు పోవాల్నని, చినిగిన అంగి తియ్యమని అనసూర్యతోని అన్న. అది సర్వపిండి తీసుకుంట, "ఏమన్నడు గా పట్నం సారు?" అన్నది. నవ్విండన్న. "ఎందుకు?" అన్నది. నాకు మౌసు పట్టుడు రాదన్నడని చెప్పిన. పొయ్యి కాడ నుంచి లేసింది సార్. చెయ్యి కడుక్కోని సందుకు పెట్టె మూత తీసింది. చినిగినంగి ఇయ్యలే. గీ ఇస్త్రీ అంగి ఇచ్చింది, పెండ్లిళ్లకు ఏసుకునేది. జేబుల ఒకటి పెట్టింది. ఏం చెప్పలే నాకు, పోయి రమ్మన్నది అంతే.

జర నీళ్లు తాగుండ్రి. ఒక్క మాట చెప్త, నవ్వకుండ్రి.

గా సాఫ్ట్‌వేరు ఎక్కిచ్చింది నేనే సార్.

నవ్వద్దంటి గద. ఇది కొలువు మాట కాదు. కొలువు మాటైతె చేతులు కట్టుకునేటోన్ని. సూడుండ్రి, చేతులు ఇడిసే ఉన్నయి.

నిరుడు కరీంనగర్‌కెల్లి కొత్త డబ్బలు దిగినయి. బిల్లుల పలకలు ఒక్క సెట్టే ఉన్నది. మళ్ల కొనాల్నని దుకాణపాయన చెప్తె, "ఏం అవుసరం లేదు, గవ్విటినే అన్నిట్ల ఎక్కియ్యుండ్రి" అన్నడు దొర. ఎవలు ఎక్కియ్యాలె? ఆఫీసుల అందరు ఒకల మొకం ఒకలు సూసుకున్నరు. షాకు కొడ్తదని భయం. జనార్దన్‌రావు అన్నడు: "రాజలింగు ఎక్కిస్తడు దొరా. రేపు తప్పని తేలితె ఒప్పుకునేది ఆయననే గద. చేసేది సుత ఆయననే చేస్తె పద్ధతిగుంటది." ఆఫీసంత మస్తు నవ్విండ్రు గా మాటకు.

దుకాణపాయన మొదటి డబ్బల ఎక్కియ్యంగ సూసిన. మిగిలినయన్ని నేనొక్కన్నే. పొద్దుగాల కూసుంటె పొద్దుమూకేదాంక. ఒక పలక తిరగేసి పెట్టిన, ఇరుక్కుంటె పోక చెక్కల కత్తెరతోని గుంజిన. ఏదో ఒకటి నొక్కితె తెరంత నల్లగైతె డబ్బ ఖతమైందనుకోని మొక్కులు మొక్కిన. నాకు గొప్పగ వచ్చని చెప్తలేను. మౌసు బల్ల అంచు దాంక పోతె ఎత్తి మళ్ల నడుమ పెట్టొచ్చని ఎర్కలేక, పక్కకు ఇంకో బల్ల తెచ్చి జోడిచ్చిన. నవ్వుకోండ్రి, గిప్పుడు నవ్వుండ్రి. గా నవ్వైతె నాదే.

నడుమ తెర మీద ఒక డబ్బ వచ్చింది. పేరేందని అడిగింది.

సార్, నా పేరు ఎవలన్న అడుగుతె గది తీసేసుడు కోసమే. "నీ పేరేందిరా? తండ్రి పేరేంది?" అని ఆఫీసరు పెన్ను తీస్తడు. గీ మిషిను ఉత్తగ అడిగింది. తిట్టలే, ఎదురుసూసుకుంట ఉన్నది. గీత ఒకటి మిటుకుమిటుకు అనుకుంట నిలబడ్డది. కంపెనీ పేరు కొట్టాల్నని నాకు తోచలే. పేరంటె నా పేరే అనుకున్న. ఇంగ్లీషుల ఒక్కొక్క అక్షరం ఎతుక్కోని కొట్టిన. కొట్టంగనే పని మొదలువెట్టింది, మాట ఇన్నది. రెండోదాంట్ల ఎర్క ఉండె నాకు, కంపెనీ పేరు కొట్టాల్నని. గని నా పేరే కొట్టిన. మూడోదాంట్ల సుత. పేరు కొట్టేందుకే ఇంకో డబ్బ ఉంటె బాగుండనిపిచ్చింది. సంతోషపడ్డ సార్ గా దినం, ఉన్న మాట చెప్తున్న.

జనార్దన్‌రావు సూసిండు. "ఉండనీ, ఎప్పుడన్న పనికొస్తది" అన్నడు.

మీరు నమ్మలేరు. నమ్మేటట్టు నేనెప్పుడు బతికిన? చెయ్యనిదాన్ని చేసిన్నంటె లోకమంత నమ్మింది. చేసినదాన్ని చేసిన్నంటె మీరు పాపం అన్నరు. తప్పు మీది కాదు లెండ్రి.

అనసూర్య జేబుల పెట్టింది గీ ఫోటోనే. పట్టుకోండ్రి, వెలుతురుకు సూడుండ్రి. దసరకు మిషిన్లకు పూజ చేస్తం గద, ఇంటోళ్లను సుత పిలుస్తరు. అనసూర్య వచ్చింది, అందరు కొబ్బరికాయల కాడ ఉంటె ఇది నన్ను పక్కకు గుంజి, "ఏదీ, నీ పేరొస్తదంటివి?" అన్నది. నడిపిచ్చి సూపెట్టిన. సదువు రాదు దానికి, ఏలు పెట్టి ఒక్కొక్క అక్షరం అడిగింది. స్టూడియో హనుమండ్లు గప్పుడే ఫోటో కొట్టిండు. ఫ్లాషుకు తెర సగం తెల్లగైంది, గని పేరు కనబడ్తది సూడుండ్రి, దాని ఏలు పక్కన. కింద మూలకు ఎర్రగ తారీకు పడ్డది, గా కెమెరాలు కొత్తగొచ్చినయి. దసర సార్. మీ ఉత్తరం శివరాత్రి ఎల్లినంక. మీరొస్తరని కలగని దసరకే నా పేరు దొంగపేరుగ రాసిపెట్టుకుంటడా దొర? అంత తెలివుంటె ఎలుకల్ని దాసేటోడు.

నవ్వుడు ఆపిండ్రు. మంచిది.

ఏం సార్, పెన్ను తీస్తున్నరు? బండి సుత వస్తున్నట్టుంది, పట్టాలు ఊగుతున్నయి.

ఆ... నాకు తెల్సు. నాటకానికి తీసేస్తె లడ్డు పంచి మళ్ల చేరొచ్చు. నిజానికి తీసేస్తె గుండు గీకిచ్చుకున్నా ఎవలు పిలువరు. బోథ్‌ల సుత పిలువరు, ఎందుకంటె నేను చెప్పింది మీరు సగం రాస్తె ఊకోను. "రాజలింగు ఒక్కడే" అని రాయకుండ్రి. అట్ల రాస్తె గిదొక్కటి సుత పాత అబద్ధాలల్ల కలుస్తది, గుర్తుపట్టరాదు. ఎక్కియ్యమన్నది దొర. ఎక్కిచ్చింది నేను. రెండూ రాయుండ్రి.

దొరకు దండుగ పడ్తది, పడనీ. ఆంబోతును అమ్ముకుంటడు. నాకు కొలువు పోతది. అర్ర ఖాళీ చెయ్యమంటరు, అనసూర్యకు ఎర్కనే. ఎర్కుండే ఇస్త్రీ అంగి ఇచ్చింది.

సద్దిగిన్నె ఈసారి ఇంట్లనే పెట్టొచ్చిన సార్, ఇసిరేసేందుకు ఏం దొరకదు వాళ్లకు.

ఎక్కుండ్రి, ఎక్కుండ్రి, ఇక్కడ ఎక్కువసేపు ఆగది. బ్యాగు నేనందిస్త. ఫోటో మాత్రం మళ్ల పంపాలె, మా దగ్గర అదొక్కటే ఉన్నది.

ఆఁ? కిటికిలకెల్లి ఏందో అడుగుతున్నరు... నా పేరా? పొద్దుగాలసంది డబ్బ డబ్బ మీద మీరు సదివింది గదే సార్.